సర్దార్, మేట్, కల్లేదారు: పని చేయించడం ఎక్కడ నేర్చుకుంటున్నారు?

ఖానాపూర్ కార్ఖానాలకు పేరుబడ్డ ఊరు కాదు. గోదావరి ఒడ్డున, కవ్వాల్ అడవి అంచున ఉన్న ఊరు. అయినా ఒకరి అజమాయిషీ కింద పదిమంది పనిచేసే చోట్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో చూడండి. ఎండాకాలం తునికాకు కల్లాల్లో కల్లేదారు ఉంటాడు. ఉపాధి హామీ పనికాడ మేట్ ఉంటుంది. ఇళ్లల్లో బీడీలు చుట్టేవాళ్లకు ఆకు, తంబాకు ఇచ్చి కట్టలు తీసుకునే కమీషన్‌దారు ఉంటాడు. సదర్‌మాట్ కాలువ మీద లష్కర్లకు, అడవిలో బేస్‌క్యాంపు వాచర్లకు, ఊరూరా అంగన్‌వాడీ టీచర్లకు పైన ఒక అధికారి ఉంటారు. లక్షెట్టిపేట మీదుగా మంచిర్యాల చేరితే సింగరేణి బాయిలు, ఆ బాయిల్లో సర్దార్లు, వాళ్ల పైన ఓవర్‌మెన్లు. గల్ఫ్ పోయిన మన పిల్లల్లో కొందరు అక్కడ ఫోర్‌మెన్ దాకా ఎదిగారు.

వీళ్లకు పని వచ్చు. చాలామందిని పైకి తెచ్చిందే ఆ పనితనం. కానీ పని రావడం వేరు, పదిమంది చేత చేయించడం వేరు. అలిగినవాడిని మళ్లీ పనిలోకి తేవడం, తప్పు చేసినవాడికి పరువు పోకుండా చెప్పడం, పైఅధికారి అడిగిన లెక్కకూ కిందివాళ్ల ఒంట్లో ఉన్న సత్తువకూ పొత్తు కుదర్చడం ఎవరు నేర్పారని అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే: చూసి నేర్చుకున్నం. చూసిన పెద్దమనిషి మంచివాడైతే మంచి సర్దార్ తయారయ్యాడు. తిట్టి చేయించేవాడైతే తిట్టే సర్దార్ తయారయ్యాడు. ఇన్ని వేలమంది బతుకులు ఆధారపడిన నైపుణ్యాన్ని మనం ఇంతకాలం అదృష్టానికి వదిలేశాం. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, నేర్పితే వస్తుందనీ, అయితే ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా నేర్పాలో తెలిసి నేర్పాలనీ నా వాదన.

జాబర్ కాలం నుంచి

ఈ సమస్య కొత్తది కాదు. బ్రిటిష్ ఇండియాలో కార్మికుల స్థితిగతులు చూడటానికి 1929లో విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ వేశారు. 1931లో వచ్చిన దాని నివేదికలో జాబర్ అనే మనిషి ప్రతి చోటా కనిపిస్తాడు. ఒక్కో ప్రాంతంలో అతన్ని సర్దార్ అన్నారు, ముకద్దం అన్నారు, మేస్త్రీ అన్నారు. కూలీలను ఊళ్ల నుంచి తెచ్చేది, పనిలో పెట్టేది, పని నేర్పేది అతనే. సెలవు కావాలన్నా, పోయిన పని మళ్లీ దొరకాలన్నా అతని చేయి తడపాల్సిందే. నియామకాలు అతని చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్లకు ఇవ్వాలని కమిషన్ చెప్పింది. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం, 500 మంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో సంక్షేమ అధికారి ఉండాలంది.

చేసింది మంచి పనే. లంచం దారి కొంత మూసుకుంది. కానీ ఆ సంస్కరణలో ఒక ఖాళీ మిగిలిపోయింది. జాబర్ దగ్గర అధికారంతో పాటు మనుషుల ఎరుక కూడా ఉండేది. ఎవరి ఇంట్లో పెళ్లి ఉంది, ఎవరికి జ్వరం, ఎవరికీ ఎవరికీ పడదు అన్నది అతనికే తెలుసు. అధికారం ఆఫీసుకు చేరింది. ఎరుక మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు, కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్‌కు ఎవరూ అప్పగించలేదు. పని జరిగే చోట నిలబడే మనిషికి బాధ్యత మిగిలింది, చెల్లుబాటు తగ్గింది. ఈనాటికీ మన పనిచోట్ల కనిపించే చిక్కుల్లో సగం ఇక్కడే మొదలయ్యాయని నేననుకుంటాను.

బాయిలో సర్దార్

ఉత్తర తెలంగాణలో సూపర్‌వైజర్‌ను చట్టబద్ధంగా, పరీక్ష పెట్టి తయారుచేసే చోటు ఒకటుంటే అది బొగ్గుబాయి. 1952 గనుల చట్టం, దాని కింద మొదట 1957లో, తర్వాత 2017లో వచ్చిన బొగ్గుగనుల నిబంధనలు సర్దార్, ఓవర్‌మెన్ బాధ్యతలను రాతపూర్వకంగా పెట్టాయి. అండర్‌గ్రౌండ్‌లో అనుభవం ఉండాలి. ప్రథమ చికిత్స, గ్యాస్ పరీక్ష సర్టిఫికెట్లు ఉండాలి. అప్పుడే సర్దార్ పరీక్షకు కూర్చోవాలి. 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్తగా వచ్చినవాళ్లకూ, పాతవాళ్లకూ శిక్షణ కేంద్రాలు నడపాలి. దేశంలో మిగతా రంగాల్లో కింది స్థాయి అజమాయిషీకి ఇంత పకడ్బందీ ఏర్పాటు అరుదు.

షిఫ్ట్ మొదలయ్యే ముందు సర్దార్ తన డిస్ట్రిక్ట్, అంటే బాయిలో తన కింద ఉన్న భాగం, అంతా తిరిగి చూడాలి. గాలి ఆడుతోందా, గ్యాస్ ఉందా, సపోర్టులు సరిగా ఉన్నాయా అని. పైకప్పును కట్టెతోనో గడ్డపారతోనో తట్టి వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. చూసింది రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెడతాడు. అపాయం ఉందనిపిస్తే మనుషులను అక్కడి నుంచి బయటికి పంపించడం అతని విధి, ఎవరి అనుమతీ అవసరం లేదు.

ఇంతవరకూ పుస్తకం చెబుతుంది. చెప్పనిది ఒకటుంది. ఎనిమిది గంటలు ఆ కప్పు కింద ఉండేవాడు సపోర్ట్‌మన్. సర్దార్ తిరిగి వెళ్లాక కప్పు చప్పుడు మారితే మొదట వినేది అతని చెవి. “అన్నా, ఇక్కడ డొల్ల కొడుతుంది, జర చూడు” అని అతను వచ్చి చెబుతాడా లేదా అన్నది, గత వారం అలాగే చెప్పినప్పుడు సర్దార్ ఏమన్నాడన్న దాని మీద ఉంటుంది. “పని తప్పించుకుందామని చూస్తున్నవా?” అని కసురుకుని ఉంటే ఈసారి నోరు లేవదు. పై నుంచి టన్నేజీ ఒత్తిడి ఉన్న రోజు కూడా ఆ మాట వినగలగడం, విన్నానని ఎదుటివాడికి తెలిసేలా అప్పటికప్పుడు వెళ్లి చూడగలగడం సర్దార్ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. పరీక్షలో ప్రధానంగా అడిగేవి మాత్రం గ్యాస్, గాలి, కప్పు, పేలుడు పదార్థాలు, చట్టం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన ప్రాంతం మనది. బాయిలో కింది నుంచి పైకి మాట వెళ్లే దారి ఎంత తెరిచి ఉంటే అంత మంచిదని ఇక్కడ ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

సింగరేణిలో మనుషుల నిర్వహణ పట్టు తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 1980లు, 90ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న కంపెనీలో ఏటా వందల సమ్మెలు జరిగాయి. పెద్ద డిమాండ్లతో జరిగినవి కొన్నే. చాలా వాటికి కారణం ఒక బాయిలో, ఒక షిఫ్టులో పుట్టిన గొడవ: మస్టర్ పడలేదని, ప్లేడే (సెలవురోజు డ్యూటీ) ఇవ్వలేదని, సెలవు కాదన్నారని, ఓవర్‌మన్ నోరు జారాడని. కార్మిక సంఘం పిట్ సెక్రటరీ చెయ్యెత్తితే బొగ్గు టబ్బులు ఆగిపోయేవి. పనికాడ పది నిమిషాల్లో తేలాల్సిన తగాదా తేల్చే నేర్పు గానీ, తేల్చే అధికారం గానీ అక్కడున్న సూపర్‌వైజర్ దగ్గర లేకపోవడంతో అది బాయి మీదికి, అక్కడి నుంచి ఏరియా ఆఫీసుకు పాకేది. 90ల్లోనే కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది.

తర్వాత రెండు మంచి మార్పులు వచ్చాయి. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి, ఎవరితో మాట్లాడాలో తేలింది. మల్టీ డిపార్ట్‌మెంట్ టీముల పేరుతో అధికారులు బాయి బాయికీ వెళ్లి కంపెనీ లాభనష్టాలు, లక్ష్యాలు కార్మికులకు నేరుగా వివరించడం మొదలుపెట్టారు. సమ్మెలు బాగా తగ్గాయి. అయితే ఈ రెండూ పై స్థాయిలో వేసిన వంతెనలు. సర్దార్, ఓవర్‌మన్ స్థాయిలో మాట తీరు మార్చడానికి అదే పట్టుదలతో పని జరగలేదని నా అభిప్రాయం.

పది గంటల పాఠం

బయటి ప్రపంచం ఈ విషయంలో ఏం నేర్చుకుందో క్లుప్తంగా చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అనుభవం ఉన్న ఫోర్‌మెన్లు చాలక, కొత్తవాళ్లను త్వరగా తయారుచేయడానికి 1940లో పరిశ్రమలోనే శిక్షణ అనే పథకం పెట్టారు. 1945 వరకు నడిచిన ఆ పథకంలో పదహారు లక్షలకు పైగా మంది శిక్షణ పొందారు. అందులో మనుషులతో మెలగడం మీద ఉన్న పాఠం మొత్తం పది గంటలు: రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు, ఒక్కో జట్టులో పదిమంది. చెప్పిన సూత్రాలు నాలుగు. పని ఎట్లా చేస్తున్నాడో మనిషికి ఎప్పటికప్పుడు చెప్పు. మెచ్చుకోవాల్సినప్పుడు మెచ్చుకో. అతని మీద ప్రభావం చూపే మార్పు ఉంటే ముందే చెప్పు. అతని సత్తాను పూర్తిగా వాడుకో. ప్రతి ఫోర్‌మన్ తన పనిచోట నిజంగా జరిగిన తగాదా ఒకటి తెచ్చి జట్టు ముందు పెట్టాలి, దాన్ని అందరూ కలిసి విప్పి చూడాలి. ఆ పాఠం యుద్ధం తర్వాత జపాన్‌కు పోయింది. అక్కడి కార్ల కంపెనీలు దాన్ని వదలకుండా పట్టుకున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ద్వారా 1950లలో మన దేశానికీ వచ్చింది. 1971లో బెంగళూరులో జర్మన్ సాయంతో ఫోర్‌మన్ శిక్షణ సంస్థ వెలిసింది. హైదరాబాద్‌లో 1956 నుంచే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది గానీ అది మేనేజర్లు, పై అధికారుల కోసం.

ఇటీవలి అధ్యయనాలు ఇంకో రెండు సంగతులు చెప్పాయి, రెండూ మనకు పనికొచ్చేవే. కర్ణాటక బట్టల ఫ్యాక్టరీల్లో లైన్ సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు ఉత్పత్తి పెరిగింది. కానీ ఎవరికి శిక్షణ ఇస్తే లాభమని పై మేనేజర్లు గట్టిగా సిఫారసు చేశారో వాళ్లలో కన్నా, సిఫారసు దక్కనివాళ్లలోనే ఎక్కువ మెరుగుదల కనిపించింది. అంటే “మావాడు చురుకైనోడు, వీడిని పంపండి” అన్న మాటను నమ్మి పేర్లు రాసుకోవడం సరైన దారి కాదు. రెండోది బంగ్లాదేశ్‌లో. కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి సూపర్‌వైజర్లను చేస్తే, మొదట్లో వాళ్ల మాట ఎవరూ వినలేదు, లైన్లు వెనకబడ్డాయి. కొన్ని నెలలకు మగ సూపర్‌వైజర్లతో సమానమయ్యారు. ఆ మొదటి నెలలు ఓపిక పట్టనివాళ్లు “ఆడవాళ్లకు చేతకాదు” అని తేల్చేసి ఉండేవాళ్లు.

మన దగ్గర ఈ సంగతి మరీ ముఖ్యం. 2019లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో అండర్‌గ్రౌండ్ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ, యాజమాన్య పనుల్లోకి ఆడవాళ్లు పగటివేళ దిగే వీలు కలిగింది. మైనింగ్ చదివిన అమ్మాయిలు సింగరేణిలోకి వస్తున్నారు. తండ్రి వయసున్న కార్మికుడికి పని చెప్పాల్సిన ఇరవై మూడేళ్ల అమ్మాయికి గ్యాస్, చట్టం పాఠాలు మాత్రమే చేతికిచ్చి పంపిస్తే అన్యాయం.

మార్లవాయిలో చేసిన పని

మన నేల మీదే, ఖానాపూర్‌కు ఎగువన ఉన్న ఉట్నూరు కొండల్లో, మనుషులను తయారుచేయడం ఎట్లాగో చూపించిన ఉదాహరణ ఒకటుంది. గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో అమరుడయ్యాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన జైనూరు దగ్గరి మార్లవాయిలో ఉండి 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలుపెట్టించాడు. చదువు చెప్పడానికి బయటి నుంచి పంతుళ్లను తేలేదు. గోండు యువకులనే తీసుకుని, గోండీలోనే పాఠాలు తయారుచేయించి, ఊళ్లకు పంపారు. ఆ చదువు నుంచి ఉపాధ్యాయులే కాక, కింది స్థాయి రెవెన్యూ, అటవీ ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లూ వచ్చారు. అంతకుముందు అటవీ గార్డు, పట్వారీ అంటే గోండు గూడెంలో భయం. ఆ కుర్చీలో తమవాడు కూర్చుంటే మాట్లాడే భాష మారింది, లెక్క చెప్పే తీరు మారింది.

ఇందులో నాకు విలువైనవిగా కనిపించేవి రెండు. అజమాయిషీ చేసేవాడిని ఆ మనుషుల్లోంచే ఎంచుకోవడం మొదటిది. అతన్ని పట్నానికి పంపకుండా, పని జరిగే ఊళ్లోనే ఉంచి నేర్పడం రెండోది. తనవాడైనంత మాత్రాన మంచి పెత్తనం చేస్తాడని కాదు. విట్లీ కమిషన్ చూసిన జాబర్లూ కూలీల ఊళ్లవాళ్లే. తనవాడు కావడానికి శిక్షణ, దానిపైన ఒక జవాబుదారీ తోడైనప్పుడే మార్లవాయి లాంటి ఫలితం వచ్చింది.

మేట్ ఫోను, కల్లేదారు లెక్క

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కట్టి, ప్రతి గుంపుకూ ఒక మేట్‌ను పెట్టడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన మంచి ప్రయోగం. గుంపు తనలోంచే మేట్‌ను ఎంచుకుంటుంది కాబట్టి వేలమంది ఆడవాళ్లు జీవితంలో మొదటిసారి ఇరవై మందికి పని పంచారు. కొలతకు తగ్గ కూలి పడకపోతే ఆ ఇరవై మందికీ జవాబు చెప్పారు. ఇంత పెద్ద నాయకత్వ పాఠశాల మన పల్లెల్లో ఇంకోటి నడవలేదు. దాన్ని పాఠశాల అని మాత్రం ఎవరూ గుర్తించలేదు. మేట్‌కు ఇచ్చిన శిక్షణలో ఎక్కువ భాగం కొలతలు, ఫారాలు. ఆ తర్వాత ఫోనులో రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు వచ్చింది. సిగ్నల్ లేని గుట్ట కింద ఫొటో ఎక్కకపోతే “అక్కా, నా మస్టర్ ఎందుకు పడలే?” అని కూలీ నిలదీసేది మేట్‌నే. దానికి ఆమె చేతిలో జవాబూ లేదు, సరిచేసే అధికారమూ లేదు. అటు ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లను రాష్ట్రం 2020లో ఒకేసారి తీసేసి 2022లో మళ్లీ తీసుకుంది. తన కొలువుకే భరోసా లేని మనిషి నుంచి ఓపికైన నాయకత్వం ఆశించడం న్యాయం కాదు.

కల్లేదారు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. పొద్దున అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి తెస్తారు. కల్లేదారు కట్ట చేతిలోకి తీసుకుంటాడు. బొక్కలు పడ్డ ఆకు, లేతాకు ఉందంటూ పక్కకు వేస్తాడు, లేదా వందకు ఇన్ని కట్టలు ఎక్కువ పెట్టమంటాడు. “అన్నా, యాభై ఉన్నయ్, నువ్వే లెక్కవెట్టు” అని ఆమె అంటుంది. ఒక కట్ట ఆమె ముందే విప్పి, ఎందుకు పనికిరాదో ఆకు పట్టుకుని చూపించే కల్లేదారు ఉంటాడు. చూడకుండానే విసిరేసేవాడూ ఉంటాడు. మొదటివాడి కల్లానికి మర్నాడు మంచి ఆకు వస్తుంది, ఎందుకంటే ఏది మంచిదో వాళ్లకు తెలిసింది. రెండోవాడి కల్లంలో రోజూ కొట్లాటే. తేడా ఆ అర నిమిషంలో ఉంది, దాన్ని నేర్పవచ్చు. బీడీ కట్టలు తీసుకునేచోట కూడా కథ ఇదే.

చెప్పే హక్కు, వినే బాధ్యత

శిక్షణ గురించి రాసేటప్పుడు చాలామంది అధికారం మాట ఎత్తరు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయలు దాటి జీతం ఉన్న సూపర్‌వైజర్ కార్మికుడి కింద లెక్కకు వచ్చేవాడు కాదు. 2010 వరకు ఆ పరిమితి 1,600 రూపాయలే. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని 18,000 చేసింది. ఆ గీత దాటినవాడికి కార్మికుడి రక్షణ పోతుంది, మేనేజర్ హోదా మాత్రం రాదు. ఇటు కింద నుంచి తిట్లు, అటు పై నుంచి ఛార్జిషీటు భయం. మనిషితో మంచిగా మాట్లాడమని నేర్పి పంపాక, ఒకరోజు సెలవు ఇచ్చే అధికారం కూడా అతనికి ఇవ్వకపోతే ఆ శిక్షణ నవ్వులపాలవుతుంది. “మంచిగ మాట్లాడుతడు గని అతని చేతిలో ఏం లేదు” అని నాలుగు రోజుల్లో కార్మికులు కనిపెట్టేస్తారు.

శిక్షణ పద్ధతుల్లో నాకు తక్కువ నమ్మకం ఉన్నది హోటల్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి నాయకత్వ లక్షణాలు చెప్పే రెండు రోజుల కార్యక్రమం మీద. సర్టిఫికెట్ వస్తుంది, భోజనం బాగుంటుంది, మర్నాడు షిఫ్టులో ఏమీ మారదు. ఎక్కువ నమ్మకం ఉన్నది కొత్త సర్దార్‌ను మొదటి మూడు నెలలు మంచి పేరున్న సర్దార్ పక్కన నడిపించి, వారానికి ఒకసారి ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ వారం జరిగిన ఒక గొడవ విప్పి మాట్లాడించే పద్ధతి మీద. ఖర్చు పెద్దగా లేదు. కావలసింది రిటైరయ్యే దశలో ఉన్న పాత ఓవర్‌మెన్లకు ఆ పని అప్పగించి, దాన్ని డ్యూటీగా లెక్కపెట్టడం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఫోర్‌మెన్ల సంగతీ ఇందులో ఆలోచించాలి. నేపాలీ, బంగ్లాదేశీ, బిహారీ కూలీలను ఒకే సైటులో నడిపించిన మనుషులు జగిత్యాల, నిర్మల్, ఖానాపూర్ ఊళ్లల్లో ఆటో నడుపుకుంటూ, వ్యవసాయం చేసుకుంటూ ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని అడిగి తీసుకున్న సంస్థ ఏదీ నాకు కనిపించలేదు.

అన్నిటికన్నా గడ్డు సమస్య కాంట్రాక్టు పనిది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కంపెనీలు, విద్యుత్ కేంద్రాల్లో నిర్వహణ పనులు, అడవిలో తునికాకు, అన్నిచోట్లా పని చేయించేవాడు కాంట్రాక్టర్ మనిషి. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం కూలి చెల్లింపుకు, క్యాంటీన్‌కు, తాగునీటికి అసలు యజమానిని చివరికి బాధ్యుణ్ణి చేసింది. కూలీ మీద పెత్తనం చేసేవాడికి ఏ అర్హత ఉండాలో మాత్రం అడగలేదు. తునికాకు యూనిట్లను అటవీ శాఖే ఏటా వేలం వేస్తుంది, ఒప్పందం షరతులు తనే రాస్తుంది. ఆకు సీజన్‌కు ముందు, ఏప్రిల్‌లో, ఆ యూనిట్ కల్లేదార్లందరూ రేంజ్ ఆఫీసులో రెండు రోజులు కూర్చుని ఆకు కోసే ఆడవాళ్ల ఎదుట కట్ట ఎంచడం, లెక్క చెప్పడం, ఫిర్యాదు తీసుకోవడం చేసి చూపాలనీ, అది రానివాడిని కల్లం మీద పెట్టకూడదనీ ఒక్క షరతు రాస్తే ఖానాపూర్ రేంజ్‌లో వచ్చే ఎండాకాలమే మొదలుపెట్టొచ్చు.